నెట్టు ఆగితే గట్టు పట్టుకుని పైకి నడవండి

శివారు పొలం ఉన్న రైతుకి నీళ్లందకపోతే తిన్నగా ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీ గేట్లు చూడడు. పార భుజాన వేసుకుని ముందు తన పొలం తూము దగ్గరికి వెళతాడు. తూము బాగానే ఉంటే బోదె గట్టెక్కుతాడు. బోదెలో నీళ్లు లేకపోతే పిల్ల కాలువ, అక్కడా లేకపోతే పంట కాలువ, ఆపైన లాకులు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో కనబడేదాకా పైకి నడుస్తూనే ఉంటాడు. గుర్రపుడెక్క అడ్డం పడిందా, ఎవరైనా అడ్డుకట్ట వేశారా, అసలు ఇవాళ మన వంతు కాదా అన్నది ఆ చోటే చెబుతుంది.

ఇంట్లో నెట్టు ఆగినప్పుడు చెయ్యాల్సింది కూడా అచ్చంగా ఇదే. మనం మాత్రం "నెట్టు రావట్లేదండీ" అని ఫోన్ చేసి కూర్చుంటాం. ఆ ఒక్క మాటతో అవతలివాళ్లకి ఏమీ అంతుపట్టదు. రెండు రోజులకి మనిషి వస్తాడు, వైఫై పెట్టె ఆపి మళ్లీ వేస్తాడు, వెళ్లిపోతాడు. సాయంత్రానికి మళ్లీ మామూలే. అంబాజీపేట దగ్గర కొబ్బరితోటలో ఉన్న మా పెదనాన్నగారింట్లో ఏడాదిపాటు ఇదే నడిచింది. ఆయన నలభై ఏళ్లు వ్యవసాయం చేసినవారు. కాలువ భాషలో చెప్పేసరికి "అంటే మా ఇల్లు శివారన్నమాట" అని ఒక్క ముక్కలో పట్టేశారు. ఫోన్‌లో ఆయన చేత ఒక్కొక్కటీ చేయించిన వరసే ఇక్కడ రాస్తున్నాను. దీనికి పనిముట్లేవీ అక్కర్లేదు. ఒక ఫోన్, ఒక నోటుపుస్తకం చాలు.

నడిచేముందు: ఈ కాలువలో పారేది ఏమిటి?

కువైట్‌లో ఉన్న మీ మనవడు ఫొటో పంపాడనుకోండి, 3 ఎంబీలది. అది ఒక్క ముక్కగా రాదు. పంపేచోటే దాన్ని రెండు వేలకు పైగా ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 1,500 బైట్లు దాటదు. ఈ ముక్కలే ప్యాకెట్లు. ధాన్యం బస్తాకి కట్టిన చీటీలాగా ప్రతి ప్యాకెట్ మీదా ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి చేరాలి, వరసలో దాని చోటు ఎక్కడ అన్నవి రాసి ఉంటాయి. దారిలో ఉన్న రూటర్లకి, అంటే దారి మళ్లించే యంత్రాలకి, లోపల ఫొటో ఉందా పాట ఉందా అన్నది అనవసరం. చేరాల్సిన చిరునామా చూసి పక్క రూటర్‌కి అందించడమే వాటి పని. 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారే ఈ ఆలోచనకి వచ్చారు. ప్యాకెట్ అన్న పేరు డేవిస్ పెట్టిందే. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రచురించిన పద్ధతి పెరిగి టీసీపీ, ఐపీ అనే ఇంటర్నెట్ నియమాలయింది. ఇవాళ మీ ఫోన్ పాటించేదీ అదే.

కాలువకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. నీటికి పేరుండదు, గండిపడి పోయిన నీళ్లు పోయినట్టే. ప్యాకెట్‌కి పేరుంది. అందినవాటికి మీ ఫోన్ ఎప్పటికప్పుడు "ఇక్కడిదాకా చేరాయి" అని కబురు పంపుతూ ఉంటుంది. మధ్యలో ఒకటి తప్పిపోతే అవతలివైపు దాన్ని మళ్లీ పంపుతుంది. అందుకే లైను కాస్త చెడినా నెట్టు ఒక్కసారిగా ఆగదు, ఈడ్చుకుంటూ వస్తుంది. ఫొటో ఆలస్యంగానైనా పూర్తిగా వచ్చేసి, వీడియో కాల్‌లో మాత్రం మాట ముక్కలవుతోందంటే దారిలో ప్యాకెట్లు పోతున్నాయేమోనని అనుమానించాలి. మాట్లాడే మాట మళ్లీ పంపేదాకా ఆగలేదు కదా. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు పనికొస్తుంది.

తెలుసుకోవాల్సిన రెండో సంగతి వంతు. దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు. నెట్టులో అయితే ఏడాది పొడుగునా వంతులే. మీ ఇంట్లో వైఫైలో ఒక చానెల్ మీద సాధారణంగా ఒక క్షణంలో ఒక పరికరమే మాట్లాడాలి. మిగతావి చెవొగ్గి విని, ఖాళీ దొరికాక మొదలుపెడతాయి. ఫైబర్‌లో మీ వీధి ఇళ్లన్నీ పైకి పంపడానికి వంతులు తీసుకుంటాయి. టవర్ కింద ఫోన్లదీ అదే కథ. వేగం తగ్గిందంటే చాలాసార్లు నీళ్లు తగ్గాయని కాదు, మీ వంతు ఆలస్యంగా వస్తోందని.

మొదటి అడుగు: ఆగింది ఏది?

ఒక యాప్ ఆగిందా, ఒక ఫోన్ ఆగిందా, ఇల్లంతా ఆగిందా? ఇది తేల్చకుండా ఏదీ ముట్టుకోకండి.

ఫోన్‌లో మొబైల్ డేటా పూర్తిగా ఆపేయండి. వైఫై నీరసించగానే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. అప్పుడు మీరు చూస్తున్నది ఇంటి నెట్టో సిమ్ నెట్టో తెలియదు. తర్వాత రెండు వేర్వేరు యాప్‌లు తెరవండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా తెరవండి. రెండో ఫోన్‌లో బాగా వస్తుంటే తప్పు మీ ఫోన్‌దే. దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూడండి. తేదీ తప్పితే బ్యాంకు యాప్‌లూ చాలా సైట్లూ తెరుచుకోవు. తాము అసలువేనని అవి చూపించే సర్టిఫికెట్‌కి గడువు తేదీలుంటాయి, మీ ఫోన్ ఆ తేదీలని తన గడియారంతోనే సరిచూసుకుంటుంది.

ఒక్క యాపే ఆగి మిగతావన్నీ నడుస్తుంటే, అవతల ఆ కంపెనీ కంప్యూటర్లు (సర్వర్లు) పడిపోయి ఉండొచ్చు. కాసేపు వదిలేయండి.

రెండో అడుగు: ఇంట్లో బోదె

నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో రోగం ఇక్కడే ఉంది. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

వైఫై పెట్టెకి ఒక బారెడు దూరంలో నిలబడి, నెట్టు వేగం కొలిచే స్పీడ్ టెస్ట్ యాప్‌తో కొలవండి. అంకె రాసుకోండి. తర్వాత మీరు రోజూ కూర్చునే చోటుకి వెళ్లి మళ్లీ చేసి రాసుకోండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే వైఫై తప్పు కాదు, పైకి నడవండి. మొదటిది బాగుండి రెండోది పడిపోతే, మీ నెట్టు గుమ్మందాకా బాగానే వచ్చి ఇంట్లో ఆగుతోంది. అప్పుడు కేబుల్ వాళ్లకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా లాభం లేదు.

పెదనాన్నగారిది మండువా ఇల్లు. కేబుల్ కుర్రాడు తీగ ఎటు నుంచి వచ్చిందో అక్కడే, వీధి అరుగు మీద కిటికీ పక్కన పెట్టె బిగించి వెళ్లాడు. ఆయన మధ్యాహ్నాలు కూర్చునేది పెరటి వసారాలో. మధ్యలో మూరెడు మందం మట్టిగోడలు రెండు, వాటికి ఆనించి ఇనప బీరువా. పెట్టె పక్కన కొలిస్తే 78 ఎంబీపీఎస్ వచ్చింది, వసారాలో 4. ఇనుమున్న చోట వైఫై దాటలేదు, వెనక్కి కొడుతుంది. నీళ్లు దాన్ని పీల్చేసుకుంటాయి, అందుకే నీళ్ల ట్యాంకు వెనకా, వానకి తడిసిన గోడ వెనకా ఇంకా తగ్గుతుంది. పెట్టెని మండువా వైపు గోడకి, తల ఎత్తున మార్పించాం. మండువా పైన ఆకాశమే కాబట్టి మధ్యలో ఒక్క గోడే మిగిలింది. వసారాలో 45 వచ్చింది. ఖర్చు పది గజాల తీగ.

ఆ తీగ గురించి ఒక మాట. పెట్టెని జరపాలంటే ఫైబర్ పొడిగించమని అడగండి, లేదా పెట్టె నుంచి ల్యాన్ కేబుల్ లాగి రెండో వైఫై రూటర్ పెట్టండి. గోడలు మందంగా ఉన్న పాత ఇళ్లకి రెండోదే మేలు. ప్లగ్గులో గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్లు గాల్లోంచి అందుకుని గాల్లోకే మళ్లీ పంపుతాయి, అంటే చాలావాటిలో ప్రతి ప్యాకెట్‌కీ రెండు వంతులు ఖర్చవుతాయి. ముందుగా అవి కొనమని నేను చెప్పను.

వైఫైకి రెండు పట్టీలుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు కాస్త దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దగ్గర చతికిలబడుతుంది. పెట్టె ఉన్న గదిలో టీవీకి 5, దూరపు గదిలో ఫోన్‌కి 2.4 అని గుర్తుపెట్టుకోండి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండే అమలాపురం, భీమవరం, తణుకు లాంటి ఊళ్లలో పక్కింటి 2.4 మీ ఇంట్లోకి వచ్చేస్తుంది. ఈ పట్టీలో ఒకదానికొకటి అడ్డంరాని చానెళ్లు మూడే, 1, 6, 11. అందరూ ఒకే చానెల్ మీద ఉంటే వీధంతా ఒకే బోదె తోడుకున్నట్టు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని ఏది ఖాళీగా ఉందో చూసి, రూటర్ (అంటే మీ వైఫై పెట్టె) సెట్టింగుల్లో దానికి మార్చుకోండి.

అంకెల దగ్గర ఒక తికమక ఉంది, దాని వల్ల అనవసరంగా గొడవలు పడుతుంటారు. ప్లాన్ మీద రాసే ఎంబీపీఎస్ (సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని) బిట్లలో లెక్క. ఫైలు సైజు బైట్లలో లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకి దిగేది 5 ఎంబీలే, 1 జీబీ సినిమాకి మూడు నిమిషాలపైనే పడుతుంది. మోసం కాదు, కొలమానం వేరు.

మూడో అడుగు: పెట్టె మీద లైట్లు చదవండి

వైఫై పెట్టె మీద చిన్న లైట్ల వరస ఉంటుంది. అన్నీ అవసరం లేదు, రెండు చాలు. పాన్ (ఇంగ్లిషులో పి, ఓ, ఎన్) అని రాసి ఉన్నది కదలకుండా పచ్చగా వెలగాలి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నది ఆరిపోయి ఉండాలి. అది ఎర్రగా మిణుకుమిణుకుమంటుంటే ఫైబర్‌లోంచి వెలుగు మీ ఇంటికి అందడం లేదని అర్థం. అప్పుడు పెట్టెని వందసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు, నాలుగో అడుగుకి వెళ్లండి. పాన్ పచ్చగానే ఉండి నెట్టు లేకపోతే మాత్రం పెట్టెని ఆపి చూడాల్సిందే. స్విచ్ ఆపండి, ఒక నిమిషం ఆగండి, వేయండి. మూడు నిమిషాలదాకా కదిలించకండి. అది మళ్లీ పైవాళ్లకి తన గుర్తింపు చెప్పుకుని, కొత్తగా చిరునామా తెచ్చుకోవాలి.

పెట్టె వెనక గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. దాని పేరు రీసెట్. దాన్ని పిల్లల చేత గుచ్చనివ్వకండి, మీరూ గుచ్చకండి. అది ఆపి వేయడం కాదు. లోపల ఆపరేటర్ ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిపేస్తుంది. తర్వాత వాళ్ల మనిషి వచ్చి మళ్లీ ఎక్కిస్తే గానీ నెట్టు రాదు.

నాలుగో అడుగు: గాజు తీగ

ఇప్పుడు గుమ్మం దాటాం. ఇంట్లోకి వచ్చే సన్న తీగ లోపల ఉన్నది గాజు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం మందం 9 మైక్రాన్లు, తల వెంట్రుకలో సుమారు ఎనిమిదో వంతు. ఆ గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కంటికి కనబడని వెలుగది. కనబడదు కదా అని తీగ ఊడదీసి కొస కంటి దగ్గర పెట్టుకోకండి, కంటికి ప్రమాదం.

దీని పంపకం తెలిస్తే మీకు వీధి అర్థమవుతుంది. ఎక్కువ ఊళ్లలో ఉన్న జీపాన్ అనే పద్ధతిలో ఆపరేటర్ గది నుంచి ఒకే గాజు పోగు బయల్దేరి, 20 కిలోమీటర్లదాకా రాగలదు. దారిలో స్తంభం మీద చిన్న పెట్టె, దాన్ని స్ప్లిటర్ అంటారు, పోగులోని వెలుగుని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. తూము లాంటిదే గానీ దీనికి కరెంటు అక్కర్లేదు, తలుపు ఉండదు. కిందికి వచ్చే డేటా సెకనుకి రెండున్నర గిగాబిట్లు, అది అన్ని ఇళ్లకీ పడుతుంది. ఎవరి పెట్టె వాళ్ల ముక్కలు మాత్రమే తీసుకుంటుంది. తాళం వేసి పంపుతారు కాబట్టి పక్కింటివాళ్లవి విప్పలేదు. పైకి పోయేటప్పుడు మాత్రం అందరూ ఒకేసారి వెలుగు కొడితే కలగాపులగమైపోతుంది. అందుకని పైనున్న యంత్రం, మన కాలువ మీద నీళ్లు వదిలే లస్కరులాగా, ఏ ఇల్లు ఏ క్షణంలో పంపాలో వంతులు కట్టి చెబుతుంది. సెకనుకి 8,000 సార్లు ఆ వంతుల పట్టీ తిరుగుతుంది. పెదనాన్నగారికి ఇది చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన లస్కరుకి ఒక్క వంతు సరిగ్గా తిప్పడానికే ప్రాణం మీదకొచ్చేదిరా" అన్నారు.

మీరు చూడాల్సినవి. పెట్టెలో గుచ్చిన ఫైబర్ మూతి సాధారణంగా ఆకుపచ్చది. వదులుగా ఉందేమో మెల్లగా లోపలికి నొక్కండి, అంతకుమించి లాగకండి, కొస తుడవకండి. తర్వాత తీగ వెంట కన్ను నడిపించండి. ఎక్కడైనా మడత పడిందా? బల్ల కింద నలిగిందా? తలుపు సందులో చిక్కిందా? గాజు గట్టిగా వంగిన చోట వెలుగు పక్కలకి కారిపోతుంది, గట్టు తెగినట్టు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. దసరాకి ఇల్లు సర్దుతూ మా అమ్మ, వేలాడుతున్న ఫైబర్ తీగని అందంగా చిన్న చుట్ట చుట్టి మేకుకి తగిలించింది. ఆ రాత్రి నుంచి నెట్టు వస్తూ పోతూ ఉంది. ఎల్‌ఓఎస్ లైటు ఒకసారి వెలిగి ఆరేది. మూడో రోజు వచ్చిన కుర్రాడు వెలుగు బలం కొలిచే మీటర్ గుచ్చి చూపించాడు, మైనస్ 28 డీబీఎం. మామూలుగా మాకు మైనస్ 21 ఉండేదట. ఈ లెక్కలో మూడు తగ్గితే వెలుగు సగమైపోతుంది, ఏడు తగ్గితే ఐదో వంతే మిగులుతుంది. మేకు మీద చుట్ట విప్పి, చేటంత వెడల్పు చుట్టగా నేల మీద పెట్టాడు. అంకె మా కళ్ల ముందే 21కి వచ్చేసింది. ఏ భాగమూ మార్చలేదు. మైనస్ 15కీ 25కీ మధ్య ఉంటే బాగున్నట్టు, 27 దాటితే తెగుతూ అతుకుతూ ఉంటుంది. మనిషి వచ్చినప్పుడు ఆ అంకె అడిగి పుస్తకంలో రాసుకోండి. చాలా పెట్టెల్లో సెట్టింగుల పేజీలో ఆర్ఎక్స్ పవర్ అన్నచోట కూడా కనబడుతుంది.

ఇంటి బయట మన ప్రాంతానివే కొన్ని కారణాలున్నాయి. కొబ్బరి దింపు తీసిన రోజు గెలలూ మట్టలూ తీగ మీద పడతాయి. దింపుకి ముందే తీగ ఏ చెట్ల కిందుగా పోతోందో దింపువాళ్లకి చూపించండి. మాసూళ్లయ్యాక గడ్డిలోడు ట్రాక్టర్ వీధిలోకి వస్తే కిందికి జారిన తీగల్ని తగిలించుకుని పోతుంది. మన ఊళ్లలో ఫైబర్ చాలావరకు కరెంటు స్తంభాల మీదే నడుస్తుంది. తెగిన తీగ ఏదైనా సరే, అది గాజుదా కరెంటుదా అని చేత్తో తేల్చుకోవద్దు. ముందు కరెంటు వాళ్లకి చెప్పండి.

పక్కింటివాళ్లదీ అదే కనెక్షన్ అయితే వాళ్లకి వస్తోందో లేదో అడగండి. వాళ్లకీ లేకపోతే తప్పు మీ ఇంటి తీగది కాదు, స్ప్లిటర్‌దో అంతకు పైదో.

ఐదో అడుగు: పేర్ల పట్టిక

లైట్లన్నీ సరిగ్గా ఉండి ఏ సైటూ తెరుచుకోకపోతే ఇది చూడండి. మనం పేర్లు కొడతాం, ప్యాకెట్‌కి అంకెల చిరునామా కావాలి. పేరుని అంకెగా మార్చి చెప్పే వ్యవస్థ డీఎన్‌ఎస్. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఆరో అడుగులో చెప్పినట్టు, పేరు కాకుండా 8.8.8.8 అన్న అంకెలకే ప్యాకెట్ పంపి చూడండి. దానికి జవాబు వచ్చి పేర్లతో ఉన్న సైట్లు తెరుచుకోకపోతే, దారి బాగానే ఉంది, పట్టిక చదివేవాడు నిద్రపోయాడు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అన్నచోట ఎవరైనా ఏదైనా పేరు రాసి ఉంటే తీసేసి ఆటోమేటిక్ అని పెట్టండి. రూటర్‌లో అయితే డీఎన్‌ఎస్ అంకెలు 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ ఇచ్చి చూడండి, అవి ఎవరైనా వాడుకోగల పేర్ల పట్టికల చిరునామాలు.

ఆరో అడుగు: ఊరు దాటాక

ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఇది చేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషులో పి, ఐ, ఎన్, జి అక్షరాలు, ఒక ఖాళీ, ఆపైన మీ రూటర్ అంకె కొట్టండి. అది సాధారణంగా 192.168.1.1, మీ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఇది పెట్టెదాకా ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం చెబుతుంది. కొన్ని మిల్లీసెకన్లు దాటకూడదు. తర్వాత అదే 8.8.8.8కి చేయండి. మొదటిది స్థిరంగా ఉండి రెండోది ఒకసారి 20, ఒకసారి 300, మధ్యమధ్య టైమ్డ్ అవుట్ (జవాబు రాలేదు) అంటుంటే మీ ఇంటి దాకా అంతా బాగుంది, కాలువ పైన ఎక్కడో ఇరుకుంది.

దూరం వల్ల అయ్యే ఆలస్యం తక్కువే. గాజులో వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు. విదేశాల డేటా సముద్రం అడుగున కేబుళ్ల మీదుగా ముంబయి, చెన్నై లాంటి తీరాలకి వచ్చి, అక్కడి నుంచి మన దాకా నేల మీద నడుస్తుంది. అయితే మీరు చూసే వీడియోలు ప్రతిసారీ అంత దూరం నుంచి రావు. జనం ఎక్కువగా చూసేవాటి నకళ్లని పెద్ద వీడియో కంపెనీలు మన దేశంలోని ఇంటర్నెట్ సంస్థల దగ్గరే నిలవ ఉంచుతాయి. నెట్‌ఫ్లిక్స్ 2012 నుంచీ ఇందుకు సొంత పెట్టెలే తయారుచేసి ఇస్తోంది. అందుకే యూట్యూబ్ చక్కగా నడుస్తూ ఎక్కడో విదేశీ యూనివర్సిటీ సైటు మాత్రం తెరుచుకోకపోతే మీ లైన్ని అనుమానించకండి. ఒకటి ఊరి గోదాములోంచి వస్తోంది, ఇంకొకటి రేవు దాటి రావాలి.

పొద్దున్న ఆరింటికొకసారి, రాత్రి తొమ్మిదింటికొకసారి పెట్టె పక్కనే నిలబడి స్పీడ్ కొలిచి వారం రోజులు రాయండి. పొద్దున్న 90, రాత్రి 15 అని వారమంతా పడితే మీ ఆపరేటర్ పైనుంచి తెచ్చుకున్న నీళ్లు ఊరికి చాలడం లేదు. ఇది వాళ్లే పెంచుకోవాలి, మీ ఇంట్లో ఏం చేసినా మారదు. నెల చివర్లోనే తగ్గుతోందంటే ప్లాన్‌లో డేటా పరిమితి దాటిందేమో చూడండి. చాలా ప్లాన్లలో ఒక హద్దు దాటాక వేగం బాగా తగ్గించేస్తారు.

చెరువు దగ్గర కెమెరాలు పెట్టుకున్న రొయ్యల రైతులకి ఒక మాట. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే, అవి చాలడం లేదు. అందుకని చాలామంది ఆపరేటర్లు ఒక్క చిరునామా వెనక ఎన్నో ఇళ్లని కూర్చోబెడతారు. బయటి నుంచి తిన్నగా మీ కెమెరా తలుపు తట్టడం అప్పుడు కుదరదు. కెమెరా తానే కంపెనీ సర్వర్‌కి బొమ్మ పంపుతుంది, మీ ఫోన్ అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. కాబట్టి చెరువు దగ్గర మీకు కావాల్సింది పైకి పంపే వేగం. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ తీసుకుంటే నాలుగింటికి 8 ఆగకుండా కావాలి. ప్లాన్ కొనేటప్పుడు అప్‌లోడ్ ఎంతని విడిగా అడగండి.

తీగ లేని చోట

లంకల్లో, చెరువు గట్ల మీద సిమ్ డేటాయే దిక్కు. ఫోన్ మీద గీతల్ని నమ్మకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగుల్లో ఫోన్ వివరాల కింద సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ అంకె (డీబీఎంలో) ఉంటుంది. మైనస్ 85 చాలా బాగు, 110 దాటితే కష్టం. 4జీ టవర్ ఏ ఫోన్‌కి వంతు ఇవ్వాలో మిల్లీసెకనుకోసారి తేలుస్తుంది. సిగ్నల్ నీరసంగా ఉన్న ఫోన్ మెల్లగా, విడమరిచి చెప్పాలి కాబట్టి అదే డేటాకి ఎక్కువ వంతులు తింటుంది. తడిసిన కొబ్బరాకులు సిగ్నల్‌ని మింగుతాయి. తోటలోంచి నాలుగడుగులు గట్టు మీదికి వస్తే పది అంకెలు మెరుగవడం నేను చాలాసార్లు చూశాను.

గీతలు నిండుగా ఉన్నా డేటా ఉండాలని లేదు. ఆ గీతలు మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య సంగతే చెబుతాయి, టవర్ వెనక ఏముందో చెప్పవు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ నెట్టు రోజుల తరబడి ఆపేసినప్పుడు ఇంటి నుంచి పనిచేసే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకి వెళ్లి అవతలి గట్టు సిగ్నల్ పట్టుకున్నారు.

వానాకాలం పని

ఉరుములు మొదలవగానే పెట్టె అడాప్టర్‌ని గోడ నుంచి పీకేయండి. గాజులోంచి పిడుగు రాదు, ఎక్కువగా కరెంటు తీగలోంచి వస్తుంది. పెట్టెకి సాధారణంగా 12 వోల్టులు చాలు, దానికి సరిపోయే చిన్న యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా నడుస్తుంది. ఆపరేటర్ గదిలో కూడా కరెంటు ఉండాలనుకోండి. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లు ల్యాన్ కేబుల్ కొసలు ఆరు నెలలకోసారి చూసుకోండి. ఉప్పుగాలికి రాగి పచ్చగా చిలుం పడుతుంది, కొస కత్తిరించి కొత్తది బిగించుకోవాలి.

ఇప్పుడు ఫోన్ చేయండి

నోటుపుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. మొన్న శ్రావణంలో పెదనాన్నగారు ఆపరేటర్‌కి చేసిన ఫోన్ నేను పక్కనే ఉండి విన్నాను.

"బాబూ, పొద్దున్న ఏడున్నర నుంచి ఎల్‌ఓఎస్ ఎర్రగా కొడుతోంది. పెట్టెలో తీగ బిగుతుగానే ఉంది, ఇంట్లో ఎక్కడా మడత లేదు. మా ఎదురింటికీ లేదు, వెనక వీధి మేస్టారుగారికి మాత్రం వస్తోంది. నిన్న మా తోటలో దింపు తీశారు. నువ్వు ఇంటికి రానక్కర్లేదు, తిన్నగా కాలువ పక్క మూడో స్తంభం మీద పెట్టె దగ్గరికి వెళ్లు."

ముప్పావు గంటకి పాన్ లైటు పచ్చబడింది. స్తంభం నుంచి తిరిగి వెళుతూ కుర్రాడు గుమ్మంలో ఆగాడు. "మట్ట పడి పిగ్‌టెయిల్, అదే స్తంభం పెట్టెలోని పొట్టి గాజు తీగ, లాగేసిందండి, అతికేశాను, మైనస్ 20 వస్తోంది" అన్నాడు. పెదనాన్నగారు పుస్తకం తెరిచి తేదీ వేసి 20 అని రాసుకున్నారు.